మోడెంలో కనిపించిన పద్మ

ఇప్పుడు మీ ఇంట్లో వైఫైకి ఏయే యంత్రాలు తగులుకుని ఉన్నాయో తెలుసుకోవాలంటే ఫోను తీసి వేలితో రెండు మూడుసార్లు నొక్కితే చాలు, బొమ్మలతో సహా వరసగా వచ్చి నిలబడతాయి. టీవీ తన పేరు తనే చెప్పుకుంటుంది. ఏసీ కూడా చెప్పుకుంటుందట, కాలం ఎంత మారిందో చూడండి. మొన్న మా మనవరాలు అది తెరిచి, నీ ఫోను పేరు ఎంత బాగుందో చూడు అమ్మమ్మా అంటుంటే నాకు నవ్వూ వచ్చింది, గుండెలో కాస్త దడా పుట్టింది. ఒక యంత్రం పేరు వల్ల ఒక అమ్మాయి బతుకు వీధిన పడబోవడం నేను కళ్ళారా చూశాను.

ఈ ఫోన్లూ నెట్టూ బాగుచేసే ఉద్యోగాల్లోకి కొత్తగా వచ్చిన పిల్లలకి ఆ సంగతి చెప్పాలని చాలాకాలంగా అనుకుంటున్నాను. ఏడుపు కథ కాదు, కంగారుపడకండి. నా సర్వీసు మొత్తంలో తలుచుకుని దణ్ణం పెట్టుకునే రోజులు కొన్నే ఉన్నాయి, వాటిలో అదొకటి. ఎవరి పేర్లూ చెప్పను. ఒక్క పేరు మాత్రం చెప్పక తప్పదు, ఎందుకంటే గొడవంతా ఆ పేరుతోనే వచ్చింది.

నేను కంప్యూటర్లు తెలిసిన మనిషిని కాను. గొంతుతో బతికినదాన్ని. టెలిఫోన్ల శాఖలో ట్రంకు ఆపరేటరుగా చేరాను. చెవికి హెడ్‌సెట్టు, ముందు బోర్డు నిండా రంధ్రాలు, చేతిలో తీగలు. మిర్చి సీజను వస్తే గుంటూరు యార్డుకి, పత్తి సీజను వస్తే కోయంబత్తూరు మిల్లులకి కాల్సు కలిపి కలిపి సాయంత్రానికి భుజాలు పడిపోయేవి. మా సూపర్‌వైజరమ్మ గారు ఉండేవారు, పులి. ఆవిడ మాకు నేర్పిన మొదటి పాఠం, లైను మీద ఉన్న మనిషి మనకి నంబరే గాని పేరు కాదని. ఏ ఇంటి నుంచి ఏ ఇంటికి కాలు వెళ్ళిందో, ఎవరు ఏడ్చారో, ఎవరు తిట్టుకున్నారో అన్నీ మా చెవిన పడేవి. కాలు జారితే తీసుకోవచ్చు గాని నోరు జారితే తీసుకోలేమే పిల్లలూ, అని రోజుకొకసారైనా అనేవారు ఆవిడ.

తొంభైల చివరికి వచ్చేసరికి వీధికో ఎస్టీడీ బూతు వెలిసింది, మా బోర్డుని పీకేశారు. నన్ను కౌంటర్లో కూర్చోబెట్టి బిల్లుల మీద జనం తిట్లు తినమన్నారు. తిన్నాను. ఆ తరవాత బ్రాడ్‌బ్యాండు వచ్చింది. మా ఆఫీసరు కుర్రాడు, మా అబ్బాయి వయసు వాడు, సత్తెనపల్లి ఎక్స్ఛేంజిలో ఉన్న ఆడవాళ్ళలో మీకే ఓపికెక్కువ మేడం అని నన్ను గుంటూరులో శిక్షణకి పంపించాడు. నాకు ఓపిక ఉందని అప్పటిదాకా మా ఇంట్లో వాళ్ళకి కూడా తెలీదు.

ఇళ్ళకి వెళ్ళేటప్పుడు నాకు తోడు మా లైన్‌మన్. నాకంటే పెద్దవాడు, స్తంభాలెక్కి ఎక్కి మోకాళ్ళు అరిగిపోయినవాడు. నన్ను చెల్లెమ్మా అనేవాడు, నేను అన్నయ్యా అనేదాన్ని. లైను బయటి భాగం ఆయనది, ఇంట్లో మోడెం, కంప్యూటరు నావి. ఇద్దరం ఆయన మోపెడ్ మీద వెళ్తుంటే ఊరు నవ్వేది. నవ్వితే నవ్వారు, నాపచేనే పండుతుంది అనేవాడు అన్నయ్య. ఆ మనిషి పక్కన లేకపోతే ఆ కొత్త పని చూసి భయపడి ముందే రాజీనామా ఇచ్చేదాన్ని. ఇప్పుడు లేడు. ఎక్కడున్నా చల్లగా ఉండాలి.

ఇక అసలు సంగతి. మా ఊళ్ళో ఒక రిటైరైన తెలుగు మాస్టారు ఉండేవారు. హెడ్‌మాస్టరు దాకా చేసి దిగారు. సగం ఊరు ఆయన శిష్యులే. మాటంటే మాట. పద్యనాటకాలంటే ప్రాణం, ఏ పరిషత్తు పోటీ జరిగినా మొదటి వరసలో ఆయన ఉండాల్సిందే. కొడుకు మార్టూరులో రాళ్ళ పాలిషింగ్ యూనిట్‌లో లెక్కలు చూసేవాడు, ఆదివారాలు వచ్చేవాడు. కోడలు ఇంట్లోనే ఉండి, విదేశీ డాక్టర్లు మాట్లాడి పంపిన రికార్డింగులు విని టైపు చేసి పంపే పని చేసేది. వేళకి పంపకపోతే పని పోతుంది. వాళ్ళింట్లో రెండు యంత్రాలు: హాల్లో మాస్టారి డెస్క్‌టాప్ కంప్యూటరు, లోపలి గదిలో కోడలి లాప్‌టాప్. కొడుకు దగ్గర వైఫై పట్టే ఫోను ఒకటి ఉండేది, అప్పట్లో అది వింత.

ఇంటి వెనక రెండు గదుల పోర్షన్ అద్దెకిచ్చారు. అందులో తల్లీ కూతురూ ఉండేవాళ్ళు. కూతురు ఒక ప్రైవేటు స్కూల్లో కంప్యూటరు టీచరు. తండ్రి లేడు, ఆ జీతం మీదే ఇల్లు. ఆ స్కూలు కరస్పాండెంటు మన మాస్టారి శిష్యుడే, ఆయన మాట మీదే ఆ అమ్మాయికి అక్కడ ఉద్యోగం ఇచ్చాడు. ఆ అమ్మాయి పేరు పద్మ.

మాస్టారింటి నుంచి కంప్లయింటు మీద కంప్లయింటు వచ్చేది, నెట్టు నత్తలాగా పోతోందని. వెళ్ళాం. అన్నయ్య స్తంభం దగ్గర నుంచి ఇంటి దాకా తీగంతా చూశాడు, పాత జాయింటు కోసి కొత్తది వేశాడు. లైను బ్రహ్మాండంగా ఉంది, నెట్టు మాత్రం కదలదు. పాపం కోడలు పిల్ల ఫైలు పంపుతూ గోళ్ళు కొరుక్కుంటోంది, రెండుసార్లు ఆలస్యమైతే కంపెనీ వాళ్ళు హెచ్చరించారట. అన్నయ్య చేతులు దులుపుకుని, "చెల్లెమ్మా, తీగ తెగితే నాకు కనపడుద్ది. ఇందులో ఏం తెగిందో నాకు కనపడట్లా, నువ్వే చూసుకో" అన్నాడు.

మోడెం మీద దీపాలు టపటపా కొట్టుకుంటున్నాయి. కోడలు చెయ్యి తీసేసి కూర్చున్నా కొట్టుకుంటూనే ఉన్నాయి. అంటే ఎవరో వాడుతున్నారన్నమాట. గుంటూరులో మాకు నేర్పారు: కంప్యూటర్లో ఫలానా నంబరు కొడితే మోడెం తన సొంత పేజీ తెరుస్తుంది, దానికి తగులుకున్న యంత్రాలన్నీ అందులో వరసగా ఉంటాయి, ఒక్కోదానికీ పుట్టుకతో వచ్చిన నంబరు, పక్కన ఒక పేరు. నేను మాస్టారి కంప్యూటరు ముందు కూర్చుని ఆ పేజీ తెరిచాను. మూడు వరసలున్నాయి. మా పాత అలవాటు కొద్దీ నా కళ్ళు నంబర్ల మీదే ఉన్నాయి. వెనక నిలబడ్డ మాస్టారు కళ్ళజోడు సర్దుకుని పేర్లు చదివేశారు. మొదటిది కొడుకు ఫోను, కంపెనీ పేరే ఉంది, ఆదివారం నాటిది ఇంకా చెరగలేదు. రెండోది కోడలి లాప్‌టాప్. మూడో వరసలో ఇంగ్లీషు పెద్దక్షరాలతో ఉంది, పద్మ అని.

మాస్టారు ఇంకో ప్రశ్న వెయ్యలేదు. మా వాళ్ళవి రెండు, ఇది మూడోది, అన్నారు. మోడెం బిగించినప్పుడు మా శాఖ వాళ్ళు అందరికీ ఇంటి ఫోను నంబరునే పాస్‌వర్డుగా పెట్టేవాళ్ళు, ఆ నంబరు ఊరందరికీ తెలుసు, వెనక పోర్షన్ అమ్మాయికి తెలీకుండా ఉంటుందా, అన్నారు. ఆ మాటా నిజమే. మాస్టారూ, ఒక్క నిమిషం ఆగండి, ఇంకా చూడాల్సింది ఉంది, అంటూనే ఉన్నాను. ఆయన హాల్లో ఫోను దగ్గరికి వెళ్ళి, నిలబడే, ఆ కరస్పాండెంటుకి ఫోను చేసి, నీ స్కూల్లో కంప్యూటరు టీచరు మా ఇంట్లో ఇంటర్నెట్టు దొంగిలిస్తోంది, పిల్లలకి ఏం నేర్పుతుందో ఆలోచించుకో, అనేశారు. బోర్డు మీద ఉంటే తీగ పీకి కాలు తెంపేసేదాన్ని. హాల్లో నిలబడ్డ నేనేం చేయగలను?

సాయంత్రం మేమింకా అక్కడుండగానే స్కూలు నుంచి పద్మ వచ్చింది. వచ్చేటప్పటికే తెలుసు. ఈ సంగతి తేలేదాకా రావద్దని కరస్పాండెంటు చెప్పి పంపించాడు. ముఖం పాలిపోయి ఉంది గాని కళ్ళలో నీళ్ళు లేవు. వాళ్ళమ్మే గుమ్మంలో కూలబడి ఏడుస్తోంది. ఆ అమ్మాయి నేరుగా తన లాప్‌టాప్ తెచ్చి నా ముందు పెట్టింది. ఊళ్ళో కంప్యూటర్ల షాపులో కొన్న సెకండ్ హ్యాండ్‌ది. చూడండి మేడం, నేను స్కూలు పాఠాలు తప్ప దీంట్లో ఏమీ చేసుకోను, నాకు నెట్టు లేదు, అంది. నేను తెరిచి యంత్రం పేరు చూశాను. పద్మ. అవే పెద్దక్షరాలు.

తెరని ఆ అమ్మాయి వైపు తిప్పాను. ఆ అమ్మాయి కూడా చూసింది. తరవాత మెల్లిగా చెప్పింది, షాపాయన తన మీద అభిమానంతో పేరు రాసిచ్చాడనుకుని కొన్నరోజు సంతోషించానని. ఆ సంతోషమే ఇప్పుడు మెడకి చుట్టుకుంది. మాస్టారు ఇంకేం కావాలి అన్నట్టు నా వైపు చూశారు. నిజం చెప్పొద్దూ, నాకూ అనుమానం వచ్చింది. అనుమానం వచ్చినా, పద్మ కళ్ళు చూస్తే నమ్మబుద్ధి కాలేదు. రేపు మధ్యాహ్నం మళ్ళీ వస్తాను మాస్టారూ, అప్పటిదాకా ఎవరితోనూ మాట్లాడకండి, అని చేతులు జోడించి బతిమాలి బయటపడ్డాను.

దారిలో అన్నయ్య మోపెడ్ ఆపి టీ తాగుదామన్నాడు. టీ కొట్టు దగ్గర కూర్చుని నాకు తెలిసిందంతా చెప్పాను. ఆయనకి కంప్యూటరు సంగతి అక్షరం తెలీదు. అంతా విని, మన ఎక్స్ఛేంజిలో ఒకే పేరు మీద ఎన్ని ఫోన్లున్నాయి చెల్లెమ్మా, అన్నాడు. డైరెక్టరీలో పేజీలకి పేజీలు ఒకే పేరుతో ఉంటాయి, ఇంటిపేరు చూసి, ఊరు చూసి, ఇంకా తేలకపోతే నంబరు చూసి గదా మనం కలిపేది, అన్నాడు. పద్మలు మన జిల్లాలో ఎంతమంది ఉంటారో నువ్వే చెప్పు, అన్నాడు. అవును గదా అనిపించింది. యంత్రానికి పుట్టుకతో వచ్చిన ఆ నంబరు దాని లోపల ఎక్కడ చూడాలో మాత్రం మాకు శిక్షణలో నేర్పలేదు. కాని ఆ వీధిలో ఇంకో పద్మ ఎక్కడ? రాత్రంతా అదే ఆలోచన.

మర్నాడు మధ్యాహ్నం వెళ్ళాం. పద్మ లాప్‌టాప్ తెప్పించి, ఆపించి, బ్యాటరీ ఊడదీయించి ఆ బ్యాటరీని నా హ్యాండ్‌బ్యాగులో వేసుకున్నాను. అందరూ చూస్తుండగానే వేసుకున్నాను. తరవాత మాస్టారి కంప్యూటర్లో మోడెం పేజీ తెరిచాను. పద్మ అనే పేరు ఉంది. నాకు ప్రాణం లేచొచ్చింది. మాస్టారు మాత్రం చలించలేదు. కొడుకు ఫోను ఆదివారం వెళ్ళిపోయినా నిన్న పేరుంది గదమ్మా, ఇది కూడా అలాగే మిగిలి ఉంటుంది, అన్నారు. చదువుకున్న మనిషితో వాదన అంటే అలాగే ఉంటుంది. ఆయన అన్నది నిజమే మరి. ఆ జాబితాలో వెళ్ళిపోయిన వాళ్ళ పేర్లు కూడా కొంతకాలం ఉంటాయని శిక్షణలో మాకూ చెప్పారు. మోడెం ఆపి మళ్ళీ వేస్తే పాతవి పోతాయని కూడా చెప్పారు, ఆ సమయానికి నా బుర్రకి తట్టలేదు.

నా బుర్రకి తట్టనిది కరెంటు వాళ్ళకి తట్టింది. సరిగ్గా అప్పుడే మధ్యాహ్నం కోత మొదలైంది. ఫ్యాను ఆగింది, కంప్యూటరు ఆగింది, మోడెం దీపాలు ఆరిపోయాయి. వేసవిలో మా వైపు ఆ కోతల్ని తిట్టుకోని మనిషి లేడు. నా జీవితంలో కరెంటు కోతకి మనసులో దణ్ణం పెట్టుకున్నది ఆ ఒక్కసారే, అదీ తరవాత. ఆ నిమిషాన నేను కూడా తిట్టుకున్నాను.

కోత అయ్యేదాకా ఏం చేస్తాం, కూర్చున్నాం. కోడలు అందరికీ మజ్జిగ ఇచ్చింది. పద్మకి కూడా ఇచ్చింది, మామగారి ముఖం చూడకుండా. పద్మ గ్లాసు పట్టుకుని తాగలేదు. మాస్టారు విసనకర్రతో విసురుకుంటూ ఎక్కడో చూస్తున్నారు. ఆయనా నలిగిపోతున్నారని అప్పుడు నాకు తెలిసింది. ఆ అమ్మాయికి ఉద్యోగం ఇప్పించింది ఆయనే గదా. నమ్మి తెచ్చుకున్న మనిషి మోసం చేసిందని ఆయన బాధ.

కరెంటు వచ్చింది. మోడెం దీపాలు ఒక్కొక్కటే వెలిగాయి. కోడలు పరిగెత్తుకుంటూ లోపలికి వెళ్ళి లాప్‌టాప్ తెరిచింది, ఫైళ్ళు ఆగిపోయి ఉన్నాయి పాపం. కాసేపటికి లోపలి నుంచే గట్టిగా పిలిచింది, మేడం, ఇవాళ నెట్టు భలే స్పీడుగా పోతోందండి, ఒక్కసారి రండి, అని. వెళ్ళాను. నిజంగానే పరిగెడుతోంది. ఆ లాప్‌టాప్‌లోనే మోడెం పేజీ తెరిచాను. ఒక్కటే వరస. కోడలి లాప్‌టాప్. ఇంకెవరూ లేరు. వెనకే వచ్చిన మాస్టారు చూసి, చూశావా అమ్మా, ఆ అమ్మాయి బ్యాటరీ నీ సంచిలో ఉంది గనక ఆ పేరు పోయింది, అన్నారు.

నాకు మళ్ళీ నీరసం వచ్చింది. అన్నయ్య హాల్లో గోడకి చేరగిలబడి ఉన్నాడు. అక్కడి నుంచే, మీ కంప్యూటరు కూడా ఆగే ఉంది గదా మాస్టారూ, కరెంటొచ్చినా మీరింకా వెయ్యలా, అన్నాడు. ఏదో మామూలుగా అన్న మాట. నాకు మాత్రం అప్పుడు తట్టింది. నిన్నంతా నేను ఎవరి కంప్యూటరు ముందు కూర్చుని ఆ పేజీ చూశాను? కళ్ళజోడు పెట్టుకుని కళ్ళజోడు వెతుక్కున్నట్టు, చూస్తున్న యంత్రాన్ని లెక్కపెట్టుకోలేదు మేం. ఫోనొకటి, లాప్‌టాప్ ఒకటి, మరి మాస్టారి కంప్యూటరు ఏది? ఆ మూడు వరసల్లో అదెక్కడ?

"మాస్టారూ, మీ కంప్యూటరు వెయ్యండి" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినపడింది.

ఆయన వేశారు. అది మెల్లగా మేలుకుంది. లోపలి గదిలో కోడలు పేజీని మళ్ళీ తెరిచింది. ఆ గుమ్మంలో మాస్టారు, నేను, పద్మ, పద్మ తల్లి, అన్నయ్య, అందరం ఒకరి మీద ఒకరం పడి చూస్తున్నాం. రెండో వరస వచ్చి చేరింది. పద్మ. పెద్దక్షరాలతో. బ్యాటరీ నా సంచిలో ఉంది, అసలు పద్మ నా భుజం పక్కన నిలబడి ఉంది.

 నేను వెళ్ళి మాస్టారి కంప్యూటర్లో యంత్రం పేరు ఎక్కడుంటుందో అక్కడ తెరిచి ఆయన్ని పిలిచి చూపించాను. ఆయన వంగి చదివారు. మళ్ళీ చదివారు. ఈ కంప్యూటరు ఎక్కడ కొన్నారు మాస్టారూ అని అడిగాను. పద్మ కొన్న షాపే.

షాపాయనకి ఫోను చేస్తే స్కూటరేసుకుని వచ్చాడు. మంచివాడు, కాస్త గాభరా మనిషి. సంగతి చెప్తే తల పట్టుకున్నాడు. కంప్యూటర్లో కొత్తగా విండోస్ ఎక్కించేటప్పుడు యంత్రానికి ఒక పేరు అడుగుతుందట. ప్రతిసారీ కొట్టడం ఎందుకని, అన్నీ ముందే నింపి ఒక సీడీ తయారు చేసుకున్నాడు. అది తయారు చేసిన వారంలోనే వాళ్ళకి ఆడపిల్ల పుట్టింది. ఆ సంబరంలో పేరు దగ్గర కూతురి పేరు కొట్టాడు. ఆ రోజు నుంచీ ఆయన షాపులోంచి ఊళ్ళోకి వెళ్ళిన ప్రతి యంత్రం పేరూ పద్మే. "మా పిల్ల ఇప్పుడు ఎల్‌కేజీ చదువుతోందండి" అన్నాడు, ఆ మాటంటే అందరూ క్షమిస్తారన్నట్టు. నవ్వింది పద్మ ఒక్కతే. రెండురోజుల్లో మొదటిసారి.

మరి నెట్టుని తినేసింది ఎవరు? మాస్టారి కంప్యూటరు తెర కింద మూలన, గడియారం పక్కన చిన్న ఆకుపచ్చ బొమ్మ ఉంది. అదేమిటని పద్మే అడిగింది. మాస్టారు తడబడ్డారు. పాత పద్యనాటకాల రికార్డింగులు దొరుకుతాయని మేనల్లుడు ఒక ప్రోగ్రాము ఎక్కించి వెళ్ళాడట. ఆయన ఒక్కొక్క నాటకమే తెప్పించుకుని మధ్యాహ్నాలు వింటారు. పద్మ దాన్ని తెరిచి చూసి చెప్పింది, ఇది తెచ్చుకున్నదాన్ని మళ్ళీ ఊరికే అందరికీ పంచుతూ ఉంటుంది మాస్టారూ, కంప్యూటరు ఆన్‌లో ఉన్నంతసేపూ, అని. తెర మీద పంచుకుంటున్న వాళ్ళ వరస పొడుగ్గా ఉంది. ఎవరెవరో, ఏ దేశాల వాళ్ళో. ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడన్న సామెత నా నాలిక చివర దాకా వచ్చింది. ఆ ముఖం చూసి మింగేశాను.

ఆయన కుర్చీలో కూలబడ్డారు. తరవాత లేచి, పద్మ ఎదురుగా వచ్చి నిలబడి, అమ్మా, ఇప్పుడే కరస్పాండెంటుకి ఫోను చేసి నువ్వు దొంగవి కాదని చెప్తాను, అన్నారు. వాళ్ళమ్మ చేతులెత్తి దణ్ణం పెట్టబోయింది. పద్మ ఆ చేతులు పట్టుకుని కిందికి దింపింది.

"అలా చెప్పొద్దండి మాస్టారూ" అంది. "నేను దొంగని కానని మీరు చెప్తే, ఆయన స్టాఫ్‌రూములో పద్మ దొంగ కాదట అని చెప్తారు. రేపటి నుంచి నా పేరు వినపడ్డప్పుడల్లా ఆ మాట కూడా పక్కనే వినపడుతుంది. ఆ మాట నా దగ్గరికి అసలు రాకూడదు. మీ కంప్యూటరుని మీరే పోల్చుకోలేదని చెప్పండి. అది చాలు."

నేను ఇన్నేళ్ళు లైన్ల మీద ఎన్నో మాటలు విన్నాను. క్షమాపణలు విన్నాను, బెదిరింపులు విన్నాను, ప్రేమలు విన్నాను. ఒక మనిషి తన పేరుని అంత జాగ్రత్తగా కాపాడుకోవడం మాత్రం ఎప్పుడూ వినలేదు. అదీ తెలుగు మాస్టారి ముందు, మాట విలువ తెలిసిన మనిషి ముందు. ఆయన ముఖంలో రంగులు మారాయి. కోపం వస్తుందేమో అనుకున్నాను. రాలేదు.

ఆయన ఫోను దగ్గరికి వెళ్ళి నంబరు తిప్పారు. గొంతు సవరించుకున్నారు. "ఒరేయ్, నిన్న నేను చెప్పింది తప్పు. నా కంప్యూటరుని నేను పోల్చుకోలేకపోయాను. నా యంత్రం పేరు చదివి వెనక పోర్షన్‌లో మనిషి పేరు చెప్పాను. తప్పంతా నాది. నా మాట విని నువ్వు ఆ టీచరుగారిని ఆపావు కాబట్టి, రేపు పొద్దున నువ్వే స్వయంగా పిలిపించు. ఎందుకు ఆపావని ఎవరైనా అడిగితే నా పేరు చెప్పు" అన్నారు. దొంగ అనే మాట ఎక్కడా రాలేదు. టీచరుగారు అన్నారు, ఆ అమ్మాయిని. ఆ వయసులో, సగం ఊరికి గురువై ఉండి, శిష్యుడితో తప్పు నాదని అనడం అందరి వల్లా కాదు. ఆయన మీద నాకున్న గౌరవం ఆ రోజే పెరిగింది గాని తగ్గలేదు.

పద్మ మర్నాడు స్కూలుకి వెళ్ళింది. ఆ తరవాత ఆదివారాలు నేనే వాళ్ళింటికి వెళ్ళి కంప్యూటరు నేర్చుకున్నాను. ఈ వయసులో ఏం నేర్చుకుంటావు అని ఆ పిల్ల ఒక్కసారీ అనలేదు. ఫోల్డరంటే ఏంటో ఒకే పాఠం ఎన్నిసార్లు చెప్పించుకున్నానో నాకే సిగ్గు. నా చివరి ఏళ్ళ సర్వీసు తల ఎత్తుకుని చేశానంటే ఆ అమ్మాయి పుణ్యమే. శాఖ నాకు జీతం ఇచ్చింది, పని నేర్పింది మాత్రం పద్మ. అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ ఇది చెప్తూనే ఉంటాను, మీకూ చెప్తున్నాను.

ఆ మధ్యాహ్నం ఇంకొక్కటి జరిగింది. ఫోను పెట్టేశాక మాస్టారు కంప్యూటరు ముందు కూర్చుని, దీని పేరు మార్చే వీలుందా అమ్మా అని పద్మని అడిగారు. ఉందండి, అని ఆ అమ్మాయి పక్కన నిలబడి ఎక్కడ నొక్కాలో చూపించింది. పాత పేరు చెరిపేశాక ఖాళీ గడి వచ్చింది. మాస్టారు ఏదో పద్యంలో మాట వెతుక్కుంటూ, ఏం పేరు పెట్టమంటావు, అన్నారు.

"మీ పేరే పెట్టండి మాస్టారూ" అంది పద్మ. "ఏదన్నా తేడా వస్తే ముందు మిమ్మల్నే అడుగుతారు."

మాస్టారు ఆమె వైపు చూశారు. తరవాత ఒక్కొక్క అక్షరమే వేలితో వెతుక్కుంటూ, ఇంటిపేరుతో సహా, తన పేరంతా కొట్టారు.